ఉత్తరం వాపస్ వస్తే ఇంటికి పోవాలె

నాకు ఉద్యోగం వచ్చింది. ఈ మాట ముందు చెప్పేయకపోతే మిగతాది రాయడం నా వల్ల కాదు. గోదావరి దాటితే మంచిర్యాల, మంచిర్యాలలో ఒక ప్రభుత్వ ఆఫీసు, ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును నేను! నిన్న పొద్దున ఫలితాల జాబితాలో నా నంబరు కనబడితే ఫోను మూసేసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చూసుకున్నాను. అక్కడే ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. కిటికీ పక్కన కూర్చుని చేసే పని దొరికింది కూడా నాకే మొదలు. మా తాత, మా బాపు ఇద్దరూ భూమి లోపలికి దిగి పని చేసినవాళ్ళే. మాట చెవిన పడగానే అవ్వ, అంటే మా అమ్మ, చెప్పులు కూడా వేసుకోకుండా పక్క క్వార్టర్లకు పరుగెత్తింది.

నేను ఎవరికి చెప్పాలో ఆలోచించలేదు. వేళ్ళు వాటంతట అవే మా కాలనీ రీడింగ్ రూము మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం కొట్టేశాయి. "పెద్దబాపూ, నా బిళ్ళ ఇయ్యి. మంచిర్యాలల ఉద్యోగం వచ్చింది." అంతే. ఆ లిస్టులో ఉద్యోగం వచ్చినవాళ్ళు అలాగే రాయాలి. ఆయన పెట్టిన పద్ధతి అది.

నిమిషం తిరక్కముందే జవాబు వచ్చింది.

"బిడ్డా, నీ ఉత్తరం నా దగ్గర ఉన్నది. చూసి పంపుత. ఫికర్ జెయ్యకు."

ఆయన పోయి రెండు నెలలైంది.

ఆ జవాబు సర్వరు దానంతట అది పంపేదని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. ఆయన చెబుతుంటే ఆ మూడు మాటలూ టైపు చేసి అక్కడ పెట్టింది నేనే. తెలిసి ఏం లాభం? ఫోను పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నా నోట్లో చక్కెర పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకున్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా గోదావరిఖనిలో చాలామంది గుర్తుపట్టరు. పెద్దవాళ్ళకు ఆయన ల్యాంపురూమన్న, మాకు పెద్దబాపు. మాలో ఎవరికీ చుట్టం కాదు.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంపురూము కిటికీ దగ్గర ఆగుతాడు. తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్ళ గోడ మీది పలకకు వేలాడుతుంది. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి, దీపం ఇచ్చి, "నా బిళ్ళ ఇయ్యి" అంటాడు. పలక మీద బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలాడని అర్థం. ఆయన ఉద్యోగమంతా ఆ కిటికీకి ఇవతలే గడిచింది.

రిటైరయ్యాక కూడా ఆ కిటికీ ఆయనను వదల్లేదు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు లైటు ఒకసారి ఆర్పి వెలిగించేవాడు. ఎవరి పెళ్ళి వ్యాను బయలుదేరుతున్నా తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్ళ తలలు లెక్కపెట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ లెక్క. ఒక పెళ్ళిలో తిరుగు ప్రయాణానికి ఒక తల ఎక్కువ తేలింది. "ఎవలో మనోళ్ళు కానోళ్ళు ఎక్కిండ్రు, అందరు దిగుండ్రి" అని వ్యాను ఆపి అందరినీ దింపాడు. చూస్తే ఎక్కువైంది కొత్త పెళ్ళికూతురు.

కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో దీపాలు చార్జింగు పెట్టే చోట నలిగి, సరిగా వంగేది కాదు. అందుకని నడివేలితో టైపు చేసేవాడు. ఒక అక్షరం కొట్టి, తల ఎత్తి, తెర మీద పడిందని రూఢి చేసుకుని, అప్పుడు రెండోది. పక్కన కూర్చున్నవాళ్ళకు ప్రాణం పోయేది.

ఆ మెయిలింగ్ లిస్టును పెట్టింది ట్రైనింగుకు వచ్చిన ఒక ఇంజినీరు. బదిలీ మీద పోతూ, రీడింగ్ రూములో రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దబాపుకు అప్పజెప్పి పోయాడట. బాయి పని చేసేవాళ్ళ పిల్లల మెయిల్ చిరునామాలన్నీ అందులో ఉండేవి. ఉద్యోగ ప్రకటనలు, స్కాలర్‌షిప్పులు, పరీక్ష ఫీజుల ఆఖరు తేదీలు ఆయన ఒక్కసారి పంపితే అందరికీ చేరేవి. వాట్సప్ గ్రూపు పెట్టుకోవచ్చు కదా అని ఆయనను అడగనివాళ్ళు లేరు.

"గా గ్రూపుల పొద్దున లేస్తె పూల బొమ్మలు. గా పూల కింద ఆఖరు తేదీ ఏడ దొర్కుతది?" అనేవాడు. "ఇంకోటి జెప్త ఇను. గీ ఉత్తరం అందకపోతె వాపస్ వస్తది. అందలేదు అని చెప్పే గుణం ఉన్నది దీనికి. ఎంతమంది మనుషులకున్నది గా గుణం?"

ఆయన మా గుమ్మంలో మొదటిసారి నిలబడిన రోజు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. బాపు రాత్రి షిఫ్టు చేసి అప్పుడే వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. పాత మోపెడ్ ఒకటి వచ్చి ఆగింది. తెల్ల చొక్కా, మెడలో తువ్వాల, చేతిలో మడతపెట్టిన కాగితం.

"ఏం తమ్మీ, బాగున్నవా?"

"ల్యాంపురూమన్నా! నువ్వేంది గిట్ల? రా, కూసో."

"కూసుంట గని, నీ బిడ్డకు రాసిన ఉత్తరం మూడుసార్లు వాపస్ వచ్చింది. బిడ్డ బాగనే ఉన్నదా?"

లోపల పొయ్యి దగ్గర అవ్వ చెయ్యి ఆగిపోయింది. చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. "ఉత్తరమా? మా పిల్లకు ఉత్తరం రాసేటోడెవడు?" అంటూ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"నేనే రాసిన చెల్లే," అన్నాడాయన తాపీగా.

అవ్వకు ఇంకా అర్థం కాలేదు. డెబ్బై ఏళ్ళ మనిషిని గరిటెతో కొట్టవచ్చా లేదా అని ఆలోచిస్తున్నట్టు నిలబడింది. బాపు పగలబడి నవ్వాడు. ఇంటర్ కాలేజీవాళ్ళు ఇచ్చిన మెయిల్ చిరునామా నేను లిస్టుకు ఇచ్చాను. ఇంటర్ అయిపోగానే వాళ్ళు దాన్ని మూసేశారు. నాకు ఆ సంగతే పట్టలేదు. ఆయన కాగితం విప్పి నా చేతిలో పెట్టాడు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు. ఆఖరు తేదీ మరునాడు.

"రెండో కాగితం మీద 'ముట్టింది' అని రాసి సంతకం పెట్టు," అన్నాడు. పెట్టాను. ఉత్తరం అందినట్టు ఆ రసీదును మడిచి జేబులో పెట్టుకుని, చాయ్ అయినా తాగకుండా మోపెడ్ ఎక్కాడు. ఆ రోజు ఇంకా రెండు ఇళ్ళకు పోవాలట. ఒకటి ఎక్కడో దూరాన సెంటినరీ కాలనీలో.

ఆ స్కాలర్‌షిప్పే లేకపోతే నా డిగ్రీ రెండో సంవత్సరంలోనే ఆగేది.

మూడో సంవత్సరంలో ఉండగా ఆయన కబురు పెట్టాడు. "కంప్యూటర్లు చదువుతున్నవట గద. మా దాంట్ల ఏందో తిరకాసున్నది. జెర చూసి పో."

లిస్టులో ఎవరు జవాబు రాసినా అది ఆయన ఒక్కడికే పోకుండా అందరికీ పోతోంది. అదీ తిరకాసు. ఒకమ్మాయి "పెద్దబాపూ, నాకు రెండు సబ్జెక్టులు పోయినయి, మా బావకు మాత్రం చెప్పకు" అని రాసుకుంది. ఆ బావ కూడా లిస్టులో ఉన్నాడు. "నాకు నాలుగు పోయినయి, నువ్వేం ఫికర్ జెయ్యకు" అని అతను జవాబు రాశాడు. అదీ అందరికీ పోయింది.

జవాబులు ఆయనకే పోయేట్టు సెట్టింగు మార్చాను. ఐదు నిమిషాల పని. చాయ్ తాగి, గొప్పగా ఇంటికొచ్చాను. మరునాడు చూస్తే మళ్ళీ పాతదే.

సేవ్ నొక్కడం మరిచానేమో అనుకుని మళ్ళీ మార్చాను. మరునాడు మళ్ళీ పాతదే. సర్వరు ఆగి లేచినప్పుడు పాత ఫైలు చదువుకుంటోందేమోనని ఆ ఫైలు వెతికి పట్టుకుని అందులో కూడా మార్చాను. పాతదే. పాస్‌వర్డు బయట ఎవరి దగ్గరైనా ఉందేమోనని కొత్తది పెట్టి ఆయన చెవిలో చెప్పాను. ఆయన దాన్ని పెద్ద అక్షరాలతో రిజిస్టరు అట్ట మీద రాశాడు. "తాళంచెవి అందరికి కనపడే జాగల ఉండాలె బిడ్డా. నేను లేనప్పుడు ఎవలకన్న పనివడితె?" సెట్టింగు మళ్ళీ పాతదే.

వారం గడిచింది. కాలేజీలో మా సారును అడిగాను. సర్వరు అద్దెకిచ్చినవాళ్ళకు ఫోను చేశాను. వాళ్ళు తమ వైపు ఏ లోపమూ లేదన్నారు. నాకు చదువు మీదే అనుమానం పుట్టింది. ఇదేనా నేను మూడేళ్ళు నేర్చుకున్నది? చివరికి, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో సర్వరు రాసుకునే చిట్టా తెరిచాను. మొదటి రోజే తెరవాల్సింది. రోజుకు రెండుసార్లు సెట్టింగులు పాతవైపోతున్నాయి. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. గడియారం చూసి పెట్టినట్టు.

ఏడు, మూడు. బాయి మీద షిఫ్టు మారే వేళలు.

ఆ మధ్యాహ్నం రీడింగ్ రూములో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మూడింటి సైరన్ మోగింది. పెద్దబాపు లేచి లైటు ఆర్పి వెలిగించాడు. సొరుగులోంచి ప్లాస్టిక్ అతికించిన ఒక కాగితం తీశాడు. ఆ ఇంజినీరు పోయే రోజున సెట్టింగుల పేజీని ప్రింటు తీసి ఇచ్చిన కాగితం అది. కళ్ళద్దాలు ఊది తుడుచుకుని, పెన్సిలు మొనను ఒక్కో వరుస మీద ఆనించి, కాగితమూ తెరా పోల్చి చూస్తున్నాడు. తేడా కనబడిన చోట నడివేలితో నొక్కి సరిచేస్తున్నాడు.

"పెద్దబాపూ, ఏం జేస్తున్నవ్?"

"చార్జి అప్పజెప్తున్న."

"ఎవలకు?"

"రెండో షిఫ్టుకు."

"రెండో షిఫ్టుల ఎవలున్నరు?"

"నేనే."

ఆయన రిజిస్టరు తెరిచి 'ఇచ్చినవారు' అన్నచోట ఒక సంతకం, 'తీసుకున్నవారు' అన్నచోట ఒక సంతకం, రెండూ తానే చేశాడు.

"వారం నుంచి నా పానం తీస్తున్నది నువ్వా?"

"నేనేం జేసిన? ఎవలో రోజు వచ్చి మారుస్తుండ్రు. నేను రోజు మంచిగ జేసి పెడ్తున్న," అన్నాడు. ఆ మాటలో రోషం ఉంది. "చార్జి ఎట్ల తీస్కున్ననో గట్లనే అప్పజెప్పాలె. ఒక్క దీపం అటిటు అయినా షిఫ్టు మారనియ్యలేదు నేను."

"మార్చేది నేనే గద పెద్దబాపూ! నువ్వే పిలిస్తివి!"

"మరి మార్చినని రిజిస్టర్ల రాసినవా?"

రాయలేదు. తప్పు నాదే అయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆయన నవ్వడం నేను చూసింది చాలా తక్కువ. నవ్వితే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకునేవాడు.

కొత్త సెట్టింగులన్నీ ప్రింటు తీసి, ప్లాస్టిక్ అతికించి తెచ్చాను. ఆయన వరుసవరుసా చదివి, ఒకచోట ఆగి, పెన్నుతో ఆ వరుస కొట్టేశాడు.

"గిది వద్దు."

ఆ వరుస లిస్టుకు చాలా అవసరమైనది. ఒక చిరునామా నుంచి ఉత్తరం మూడుసార్లు వాపస్ వస్తే సర్వరు ఆ పేరును దానంతట అదే తీసేస్తుంది. ఆయన దాన్ని ఎప్పుడూ ఆపేసే ఉంచాడు. మూతబడిన చిరునామాలకు కూడా ఏళ్ళ తరబడి ఉత్తరాలు పోతూనే ఉన్నాయి. అలాంటివి ఎక్కువైతే పెద్ద మెయిల్ కంపెనీలు ఆ లిస్టునే అనుమానిస్తాయి. మా ఉత్తరాలు చాలామందికి స్పామ్‌లో పడడం మొదలైంది. రామకృష్ణాపూర్‌లో ఒకమ్మాయికి నర్సింగు సీటు ఉత్తరం అలాగే స్పామ్‌లో పడింది. ఆ పిల్ల చూసేసరికి తేదీ దాటిపోయింది. వాపస్ రాలేదు కనుక అందిందనే ఆయన అనుకున్నాడు. తెలిశాక బస్సెక్కి వాళ్ళింటికి పోయి వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. ఆ రోజు లైటు ఆర్పి వెలిగించడం కూడా మరిచాడు.

ఇదంతా చెప్పి, "గందుకే ఆ పేర్లు తీసెయ్యాలె పెద్దబాపూ. ఉన్నోళ్ళకన్న అందుతయి," అన్నాను.

ఆయన పెన్సిలు మొన చూసుకున్నాడు.

"నేను ఒక్కపారి తీసిన," అన్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక షిఫ్టు ఆఖర్న ఒక బిళ్ళ మిగిలింది. ఆ దీపం రాలేదు. తరువాతి షిఫ్టువాడు వచ్చి లెక్క ఒప్పజెప్పమని తొందరపెడుతున్నాడు. ఆ మనిషి అంతకుముందు ఒకసారి రెండో దారిన పైకి వచ్చి, దీపం ఇంటికి పట్టుకుపోయి మరునాడు తెచ్చాడు. ఇవాళా అంతే అనుకుని, ఈయన బిళ్ళ తీసి సొరుగులో వేసి, లెక్క కలిసిందని సంతకం పెట్టాడు.

"లోపల బండ కూలి కాలు మీద పడ్డది. షిఫ్టంత గట్లనే పడున్నడు. పలక మీద బిళ్ళ లేదు గద, ఎవలు దేవులాడుతరు? తెల్లారి దిగినోళ్ళకు దొరికిండు. బతికిండు గని, కాలు పోయింది." తువ్వాలతో కళ్ళద్దాలు తుడిచాడు, మురికి లేకపోయినా. "తిట్టలేదు వాడు. తిట్టినా బాగుండు. కర్రతోని నడుసుకుంట ల్యాంపురూము కిటికీ కాడికి వచ్చేటోడు. 'అన్నా, నా బిళ్ళ ఉన్నదా, తీసేసినవా?' అని నవ్వేటోడు. పదేండ్లు అడిగిండు. నవ్వుకుంటనే అడిగిండు."

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఉత్తరం వాపస్ వస్తె మనిషి లేడని కాదు. ఏడున్నడో మనకు తెల్వదని. గంతే. గప్పుడు పేరు తీసెయ్యొద్దు, ఇంటికి పోవాలె." నా వైపు తిరిగాడు. "నీ ఉత్తరం ఎన్నిసార్లు వాపస్ వచ్చింది?"

మూడుసార్లు. నేను పెట్టబోయిన ఆ వరుస అప్పుడే పనిచేసి ఉంటే, ఆ పొద్దున మా వాకిట్లో మోపెడ్ ఆగేది కాదు.

ఆ సాయంత్రమే కొత్త ఏర్పాటు చేశాను. మూడుసార్లు వాపస్ వస్తే సర్వరు ఆ చిరునామాకు పంపడం ఆపేస్తుంది, పేరు మాత్రం తీసెయ్యదు. ఆ పేర్లు వేరే పేజీలోకి చేరుతాయి. ఆ పేజీకి 'ఇంటికి పోవాల్సినవాళ్ళు' అని పేరు ఆయనే పెట్టాడు. ఎవరైనా 'నా బిళ్ళ ఇయ్యి' అని రాసినప్పుడే వాళ్ళ పేరు లిస్టులోంచి తీసి, రిజిస్టరులో పైకి ఎక్కి వచ్చినవాళ్ళ వైపు రాయాలి. అదీ కిటికీ ఇవతలి మనిషే చెయ్యాలి. ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవద్దు. లిస్టుకు వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆయన చూసి పంపేదాకా ఆగేట్టు, అందాక రాసినవాళ్ళకు ఆ మూడు మాటల జవాబు పోయేట్టు కూడా పెట్టాను. నెల తిరిగేసరికి ఉత్తరాలు స్పామ్‌లో పడడం తగ్గింది.

ఒకరోజు మూడింటి సైరన్ తరువాత రిజిస్టరు నా వైపు జరిపాడు. "గీ 'తీసుకున్నవారు' కాడ నువ్వు పెట్టరాదు సంతకం?"

"నాకు ఉద్యోగమొస్తె పోత గద పెద్దబాపూ. అప్పుడెట్ల?"

"పోయేటప్పుడు ఇంకొకలకు అప్పజెప్పి పో. నేనేమన్న జీతగాన్ని అడుగుతున్ననా?"

నవ్వేసి, పరీక్షలున్నాయని చెప్పి వచ్చేశాను. ఆ తరువాత పోటీ పరీక్షల కోచింగ్‌కు కరీంనగర్ పోయాను. ఆయన దవాఖానలో చేరినట్టు నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక కూడా రీడింగ్ రూము వైపు పోలేదు. పోతే ఆ కుర్చీ చూడాలి.

నిన్న ఆ జవాబు చూశాక పోక తప్పలేదు. బాపు కూడా వస్తానన్నాడు. గది తాళంచెవి ఎదురు చాయ్ హోటల్లో అందరికీ కనబడే మేకుకే వేలాడుతోంది. లోపలికి పోగానే నా చెయ్యి లైటు ఆర్పి వెలిగించింది. బాపు చూశాడు.

రిజిస్టరు బల్ల మీదే ఉంది. ఆఖరి వరుసలో 'ఇచ్చినవారు' దగ్గర ఆయన సంతకం వంకరటింకరగా ఉంది. 'తీసుకున్నవారు' దగ్గర ఖాళీ. అన్నేళ్ళలో ఆయన ఖాళీ వదిలిన గడి అదొక్కటే.

కంప్యూటరు తెరిస్తే పేజీ నిండా ఆగిపోయిన ఉత్తరాలు. ఫీజు తేదీ ఎప్పుడని ఒకరు, సర్టిఫికెట్ పోయిందని ఒకరు, నా బిళ్ళ ఇయ్యి అని ముగ్గురు. రెండు నెలలుగా అందరికీ ఒకటే జవాబు పోయింది. నీ ఉత్తరం నా దగ్గర ఉన్నది, ఫికర్ జెయ్యకు. కొందరు అది నమ్మి ఎదురుచూస్తూ కూర్చున్నారు. నేను సిగ్గుతో తల దించుకుని ఆ ఖాళీ గడిలో సంతకం పెట్టాను. ప్లాస్టిక్ కాగితం తీసి, వరుసవరుసా పోల్చి చూశాను. ఒక్క సెట్టింగు కూడా మారలేదు.

ఒక్కొక్కటే చూసి ఎవరి జవాబు వాళ్ళకే పంపాను, ఆ ముగ్గురి బిళ్ళలూ రిజిస్టరులో రాశాను. ఆఖర్న నాది మిగిలింది.

"బాపూ, గిది నువ్వు ఒత్తాలె."

"నేనా? నాకేం తెలుసు బిడ్డా!"

"నా బిళ్ళ నేను తీసుకోవద్దు. గీ ఆకుపచ్చది ఒత్తు."

ముప్పై ఏళ్ళు బొగ్గు తవ్విన మనిషి. కంప్యూటరు మౌసు ముట్టుకోవడం అదే మొదలు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒత్తాడు. ఒత్తి, కిటికీ దగ్గర నిలబడి అన్నట్టే, "పో బిడ్డా, జాగ్రత్త," అన్నాడు.

ఉత్తరం అందరికీ పోయింది. రెండు నిమిషాలకు ఒకటి వాపస్ వచ్చింది.

లిస్టులో మొదటి పేరు ఆయనదే. ఉత్తరం నిజంగా పోయిందో లేదో తెలియడానికి తనకు కూడా ఒకటి రావాలని పెట్టుకున్నాడు. ఇంటి ఫోను లైనుతో వచ్చిన చిరునామా అది. ఆ లైను తీసేశాక చిరునామా కూడా మూతబడినట్టుంది.

రెండు కాగితాలు ప్రింటు తీశాను. బాపును ఇంటికి పంపి, నేను నడిచి పోయాను. పెద్దబాపు భార్య, మేము పెద్దవ్వ అని పిలిచే ఆమె, గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మోపెడ్ గోడకు ఆనించి ఉంది, దాని మీద గోనెసంచి కప్పి ఉంది.

"పెద్దవ్వా, పెద్దబాపుకు రాసిన ఉత్తరం వాపస్ వచ్చింది."

ఆమె నన్ను చూసింది. చేతిలో కాగితాలను చూసింది.

"మూడుసార్లు వాపస్ వస్తెనే గద ఇంటికొచ్చేది? ఒక్కసారికే వచ్చినవేంది?"

"మూడు దాకా ఆగబుద్ధి కాలేదు."

"ఆయన గూడ గంతే. మూడు మూడు అనేటోడు గని, రెండోసారికే మోపెడ్ తీసేటోడు." కాగితం అందుకుని, దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. "ఉద్యోగమొచ్చిందా నీకు? మంచిర్యాలలనా? దగ్గర్నే గద." చింతపండు అంటిన వేళ్ళతోనే నా గడ్డం పట్టుకుంది.

రెండో కాగితం ముందు పెట్టాను. పెన్ను ఇచ్చాను.

"ఆయనకొచ్చిన ఉత్తరానికి నేను సంతకం జేస్తె చెల్లుతదా?"

"చెల్లుతది పెద్దవ్వా."

చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కాగితాన్ని గడప మీద పరిచి, ఒక్కో అక్షరం రాసి, తల ఎత్తి, పడిందో లేదో చూసి, అప్పుడు రెండోది రాసింది. ముట్టింది.